శాంపిల్ నిప్పట్లు

చిత్తూరులో చిన్న వ్యాపారాలకు సలహాలు చెప్పే ఆఫీసుకు ఆమె నిప్పట్ల డబ్బాతో, అంటే కారం చెక్కలతో, రావడం ఇది మూడోసారి. నిప్పట్ల అంగడి పెట్టేందుకు బ్యాంకు లోను ఫారం మీద సలహాదారు సంతకం కావాలి. ఆయన ఫారం చూడకముందే డబ్బా మూత తీసి ఒకటి నోట్లో వేసుకున్నాడు.

“పది ఇండ్లల్లో శాంపిల్ ఇచ్చి అడగమంటి గదమ్మా. అడిగినావా?”

“అడిగినా సార్. తొమ్మిదిండ్లల్లో శానా బాగుండాయన్నారు.”

“ఊరికే పెడితే ఎవురైనా అంటారు. కొంటామన్నారా?”

“ఇద్దురు కొంటామన్నారు. ఏడుమంది ఎట్ట చేసేదో చెప్పమన్నారు.”

“చెప్పేసినావా?”

“నోరు తెరిచి అడిగితే ఎట్ట చెప్పకుండా ఉండేది సార్?”

“బలేదానివే తల్లీ! నీ అంగడి తెరవకముందే ఏడంగళ్లు పెట్టించినావే!” ఆయన నవ్వుతూ ఇంకో నిప్పట్టు విరిచాడు. “పదో ఇంట్లో ఏమన్నారు?”

“ఆయమ్మ నెలకు రెండు కేజీలు తీసుకుంటాననింది. ‘మా ఇంటాయనకు బీపీ. ఆయన ఆఫీసుకు పోయినాకనే తెచ్చియ్యి, కంటబడితే ఒక్కటీ మిగల్చడు’ అనింది.”

“పాపం, ఎవురో ఆయన! యాడుండాది ఆ ఇల్లు?”

“మీ వీధిలోనే సార్. గేటు మింద మీ పేరే ఉండాది.”

ఆయన చెయ్యి డబ్బాలోనే ఆగిపోయింది.

“నేనీడ తినే సంగతి చెప్పినావా?”

“ఇంకా లేదు సార్. ఆయమ్మ ఫోన్ నెంబరైతే ఇచ్చింది. బయట రూపాయి బిళ్ళేసే ఫోను కూడా ఉండాది,” అంటూ ఆమె ఫారం ముందుకు జరిపింది.

ఆయన చేతికంటిన నూనె తుడుచుకుని, పెన్ను తీశాడు.