మూడు వేళ్ళు

లోదుస్తుల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది. సూపర్‌వైజరు అక్క, ఆవిడ లైన్లో చెకింగ్ చేసే పిల్ల.

“చింపింది నువ్వేనా?”

“ఏంటక్కా?”

“అబ్బో, నంగనాచి! పొద్దున మన డిస్పెన్సరీ నర్సమ్మ గోడకి అంటించిన బొమ్మ. ముక్కలు నీ లాకర్లో ఉన్నాయి.”

“అవును, నేనే. ఛీ! అంత బొమ్మా! ఎవత్తో చెయ్యెత్తి, తనది తనే నొక్కుకుంటూ... యాక్! చొక్కా విప్పితే ఎదురుగా అదే.”

“చింపినదానివి చెత్తబుట్టలో వెయ్యక దాచుకున్నావెందుకు?”

“తర్వాత... తర్వాత పారేద్దామని.”

“రోజుకి ఆరొందల బ్రాలు పిసుకుతావ్. నీకు యాకా?”

“అవి గుడ్డలక్కా!”

“ఆ గుడ్డలు ఎవరికే, గోడకి తొడుగుతారా? పైన మేనేజరుదీ ఇదే పాట. అసహ్యంగా ఉందట, తీసెయ్యమన్నాడు. గేటు బయట బోర్డు మీద బట్టల్లేని పిల్లని లారీ అంత చేసి నిలబెట్టాడే, దానికి లేదు అసహ్యం! థూ!”

“నా మీద అరుస్తావెందుకు మరి?”

“నీకంటే ముందు నీ కుర్చీలో ఒక పిల్ల ఉండేది. అదీ ఇలాగే ఛీ ఛీ అంది. తన ఒంటి మీద తను చెయ్యేసుకోడానికి సిగ్గు. రొమ్ములో గడ్డ ఉందని తెలిశాక ఎవరికైనా చెప్పడానికి సిగ్గు. ఏడాది దాచింది. పుండై వాసనొచ్చాక చెప్పింది. ఆ వాసన ఇంకా నా ముక్కులోంచి పోలేదే.”

“ఆపక్కా! నేను వినలేను.”

“వినాలి. బ్రా కప్పులో విరిగిన సూదిమొన ఉంటే ఎలా పట్టుకుంటావ్?”

“మూడు వేళ్ళతో. గుండ్రంగా, అంచు నుంచి మధ్యకి. నాకే పని నేర్పుతున్నావా?”

“నర్సమ్మ చెప్పిందీ అదేనే పిచ్చిమొహమా! నెలసరి అయ్యాక ఒకసారి, అంతే. నీ అంత చురుకైన వేళ్ళు లైన్లో ఎవరికీ లేవు. నువ్వు నేర్చుకుంటే మిగతావాళ్ళకి చూపిస్తావ్. తలుపు గడియ పెట్టు.”

“ఎందుకు?”

“నాకో గడ్డ ఉంది. హడలిపోకు, స్కానింగులూ అవీ తీసి ఏం లేదంది డాక్టరమ్మ. తడిమి చూడు, ఎలా ఉంటుందో తెలుస్తుంది.”

“ఛీ, నేను ముట్టుకోను!”

“నాకు లేని సిగ్గు నీకెందుకే? చెయ్యిలా తే. అబ్బ, ఐసుముక్కలా ఉందేంటి! ఆఁ, అక్కడే. తగిలిందా?”

“ఊఁ.”

“అప్పుడే తీసేశావేం? కంపరమా?”

“కాదు. నీది... వేలి కింద అటూ ఇటూ కదులుతోందక్కా.”

“కదులుతుంది మరి, రబ్బరు ముక్కలాగా. అలా కదిలేవాటితో అంత భయం లేదంది డాక్టరమ్మ. అదేంటే, ఏడుస్తున్నావ్?”

“నాది కదలట్లేదు.”