అసాహెల్ గుర్రాలు రైలును ఓడించిన రోజు

"నేను ఉన్నది ఉన్నట్టు చెబుతా. రవ్వంత కూడా కలపను. కావాలంటే ఇదిగో, ఈ హెండ్రిక్ వాళ్ళ నాన్నే సాక్షి. ఆయన పోయాడనుకో, అది వేరే సంగతి," అంటూ అసాహెల్ టటిల్ ఆపిల్ సారా గ్లాసు పక్కన పెట్టి కాళ్ళు బారజాపాడు.

మోహాక్ నది ఒడ్డున స్టోన్ క్రీక్ ఊళ్ళో డోర్కస్ నడిపే సత్రం అరుగు అది. ఎదురుగానే రైలు స్టేషను. ఆ లైను పడకముందు అసాహెల్ ఈ దారిలో నాలుగు గుర్రాల టపా బండి తోలేవాడు. ఇప్పుడు సత్రం కొట్టంలో గుర్రాలకు మేత వేస్తున్నాడు. ఆ మధ్యాహ్నం శ్రోతలు ముగ్గురే: కమ్మరి హెండ్రిక్, బఠాణీలు ఒలుస్తున్న డోర్కస్, అప్పుడే రైలు దిగివచ్చిన ఒక అమ్మాయి. నల్ల దుస్తుల్లో ఉంది, ఇరవై ఏళ్ళుంటాయి.

"పద్దెనిమిది వందల ముప్పై ఆరో సంవత్సరం. రైలు కొత్తగా వచ్చింది. అందరూ 'ఇంక నీ పని అయిపోయింది అసాహెల్' అనేవాళ్ళు. సరే, తేల్చుకుందాం అన్నాను. ఇక్కణ్ణించి లిటిల్ ఫాల్స్ దాకా పందెం. రోడ్డూ పట్టాలూ పక్కపక్కనే పోతాయిగా! ఊరు ఊరంతా గట్టు మీద చేరింది. ఇంజను కూత వేసింది, నేను కళ్ళేలు వదిలాను. మొదటి మైలు పక్కపక్కనే ఉన్నాం."

"అంతవరకూ నమ్ముతాం మావా," అన్నాడు హెండ్రిక్.

"నమ్మక చస్తావా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా నల్ల గుర్రం తల విదిలించింది. అంతే! బండిలో ఒక చీజు వర్తకుడు తుమ్మాడయ్యా, ఆయన లిటిల్ ఫాల్స్‌లో దిగి, కాఫీ తాగి, చుట్ట వెలిగించాక వచ్చింది ఆ తుమ్ము చప్పుడు, రోడ్డు వెంట రొప్పుకుంటూ!"

డోర్కస్ పకపకా నవ్వింది. "నిరుడు దగ్గన్నారు కదండీ?"

"తుమ్మిందొకడు, దగ్గిందొకడు. బండి నిండా జనమేగా! ఇంకా విను. మా నీడలు మాతో రాలేక వెనకబడిపోయాయి. గుర్రాల నీడలు నాలుగూ అరగంట తర్వాత వచ్చి తొట్టి దగ్గర నీళ్ళు తాగాయి. నా నీడైతే మళ్ళీ రానే లేదు, ఆ ఏడాదంతా ఇంకొకడి నీడ ఎరువు తెచ్చుకుని తిరిగాను. లిటిల్ ఫాల్స్ దగ్గర ఆగుదామంటే గుర్రాలు ఆగితేనా! ఉటికా పోయేసరికి మంగళవారం సాయంత్రం. మేం బయల్దేరిందేమో బుధవారం పొద్దున! సత్రం ఆయన 'మీరు రేపు కదా రావాలి' అని తలుపు తియ్యలేదు."

"మరి రైలు?" అన్నాడు హెండ్రిక్.

"ఏం రైలు! ఎత్తు దగ్గర ఆయాసపడుతుంటే జాలేసి వెనక్కొచ్చాను. తాడు కట్టి ఇంజనునీ, పెట్టెల్నీ, జనాన్నీ నా గుర్రాలతోనే పైకి లాగించాను."

"ఆ ఇంజను నడిపినాయన ఎలా ఉండేవారండీ?" అని అడిగింది నల్ల దుస్తుల అమ్మాయి.

అసాహెల్ గ్లాసు అందుకుని ఒక గుక్క తాగాడు. "ఎలా ఉంటాడమ్మా! మసి మొహం, మిడిగుడ్లు. దయ్యంలా ఉండేవాడు."

"ఆయన మీతో ఏమీ అనలేదా?"

"ఏమంటాడు, ఓడిపోయినవాడు!"

ఆ అమ్మాయి కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"పందెంలో మీరే గెలిచారు. అది అబద్ధం కాదు. మా నాన్న కూడా ఈ కథ చెప్పేవారు, ఆయన కథలోనూ మీరే గెలిచేవారు. అసలు సంగతి చివరి రోజుల్లో గానీ నాకు చెప్పలేదు. లిటిల్ ఫాల్స్ ఇంకో అర మైలుందనగా, ఇంజను నెమ్మదించాలని కావాలనే ఆవిరి వదిలేశారట. 'ఊరందరి ముందూ మా అన్న తల దించుకుంటే నేను చూడలేనమ్మా' అన్నారు. ఇంజను దిగి మీ దగ్గరికి వచ్చి చెయ్యి చాపారట. మీరు ఆ చెయ్యి అందుకోలేదు. 'బొగ్గు కూలీ నా తమ్ముడేంటి' అన్నారట, అందరూ నవ్వారట. నాన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వేశారట, పెదనాన్నా."

ఆ పిలుపుతో డోర్కస్ చేతులు ఆగిపోయాయి. ఈయనకి తమ్ముడున్నాడని ఆమెకీ, హెండ్రిక్‌కీ ఇంతవరకూ తెలియదు.

"రూబెన్ కూతురివా?" అన్నాడు అసాహెల్.

"అవును. లోయిస్‌ని."

"ఎప్పుడు పోయాడు?"

"జనవరిలో. జ్వరం వచ్చింది."

అసాహెల్ గ్లాసును దూరంగా జరిపాడు.

"నాకు తెలుసమ్మా," అన్నాడు. "ఆవిరి వదలడం విన్నాను. సుయ్యిమంటూ తెల్లగా లేచింది. వాడు నన్ను గెలిపించాడని అప్పుడే తెలుసు. దానికే ఒళ్ళు మండింది. అందుకే అంత మాటన్నాను. మర్నాడు వెళ్ళి మాట్లాడదామనుకున్నా. మర్నాడు కాదు, వచ్చే వారం అనుకున్నా. ఈలోగా ఈ అరుగు మీద ఎవరో పందెం సంగతి అడిగారు, చెప్పాను. బాగా నవ్వారు. రెండోసారి ఇంకాస్త పెంచాను. ఇరవై రెండేళ్ళయింది. ఎంత పెంచినా ఆ సుయ్యిమనే చప్పుడు మాత్రం చెవుల్లోంచి పోలేదు."

అసాహెల్ లోయిస్ వైపు తిరిగాడు.

"ఎక్కడ పాతిపెట్టారు?"

"సిరక్యూస్‌లో. మిమ్మల్ని తీసుకెళ్దామనే వచ్చాను. నాలుగింటికి బండి ఉంది."

ఇన్నేళ్ళలో అసాహెల్ ఒక్కసారి కూడా రైలెక్కలేదు. ఎదుటి స్టేషను మెట్లు కూడా తొక్కలేదు. లేచి కొట్టంలోకి వెళ్ళి, మొహం కడుక్కుని, తల దువ్వుకుని వచ్చాడు. డోర్కస్ రొట్టె, చీజు గుడ్డలో మూటగట్టి చేతికిచ్చింది.

బండి కదిలింది. పాత రోడ్డు కిటికీ పక్కన కాసేపు తోడొచ్చి గిర్రున వెనక్కి పోయింది. పెద్దాయన దాన్నే చూస్తున్నాడు.

"భయమేస్తోందా పెదనాన్నా?" అని అడిగింది లోయిస్.

"లేదమ్మా. ఎంత వేగంగా పోతోందో చూస్తున్నా," అన్నాడు అసాహెల్. "నా గుర్రాలు దీన్ని ఎన్నటికీ అందుకోలేవు."