చిత్తూరు సభలో చెప్పాల్సిన మాట

పలమనేరు దగ్గరి పల్లెలో, ఆవుల కొట్టంలో ఇద్దరు తోటికోడళ్లు. రేపు చిత్తూరులో పాడి మహిళల సభ. పాల సంఘం తరఫున మాట్లాడమని చిన్నామెను ఎంచినప్పటి నుంచీ పెద్దామె ముఖం ముడుచుకునే ఉంది.

"అక్కా, కాగితం సూసి సదవాల్నా, సూడకుండా సెప్పాల్నా?"

"పదో క్లాసు సదివినదానివి. ఆవుల కాడుండేదాన్ని నన్నడుగుతావేం?"

"నువ్వు సభలు సూసినావు గదా."

"అయితే సదువు. తల ఎత్తొద్దు. గబగబా సదివేసి దిగెయ్."

అది తప్పు సలహా అని పెద్దామెకు తెలుసు. పోయినసారి ఒకామె అలా చదువుతుంటే జనమంతా కునికిపాట్లు పడ్డారు. చిన్నామె తల వంచుకుని గుక్క తిప్పుకోకుండా చదివింది.

"ఎట్లుండాదక్కా?"

"బాగుండాది" అంది పెద్దామె పాలు పిండుతూనే.

"ఇంగ ఆకరి మాట ఇను. 'తల్లి సచ్చిపోయిన పెయ్యకు మా అక్క సీసాతో పాలు తాపి బతికించింది. ఈ పొద్దు మా కొట్టంలో ఆవులన్నీ దాని బిడ్డలే. నాకు పాడి నేర్పింది మా అక్కే.'"

పిండుతున్న చేతులు ఆగిపోయాయి.

"అది... అందరి ముందరా సెప్తావా?"

"సెప్పకుండా ఎట్లా?"

"ఆ మాట మాత్రం కాగితం సూడొద్దు మే. తలెత్తి, నిదానంగా సెప్పు."

"మరి ముందరిదంతా?"

పెద్దామె మళ్లీ పాలు పిండసాగింది. పొదుగు వంకే చూస్తూ అంది.

"కాగితం ఈడనే పెట్టేసి పో."