అందరూ దిగారా?

1991 జూన్ మూడో తేదీ సోమవారం ఉదయం విద్యుత్ ఇంజినీరింగ్ పరిశ్రమల సంఘంలో సహాయ సాంకేతికాధికారిణిగా అడుగుపెట్టిన నాడు, నేడు పదవీ విరమణ చేస్తున్న మన ప్రధాన కార్యదర్శి గారి చేతిసంచిలో భోజనం డబ్బాతోపాటు ఒక ఇత్తడి తాళం ఉంది. అది ఆమె తండ్రిగారు సైకిలు గొలుసుకు వేసుకునే తాళం. లైన్‌మన్ అయిన ఆయన స్తంభం మీద ఉండగా, ఎవరో చూసుకోక స్విచ్ వేశారు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి రాలేదు. వీధిలో సైకిలు బెల్లు మోగితే ఆమె ఈనాటికీ చేతిలోని పని ఆపి తలెత్తి చూస్తారు.

ప్రమాణాల విభాగంలో ఏళ్ల తరబడి శ్రమించి, అనంతరం కార్యవర్గ కార్యదర్శిగా ఎన్నికైన ఆమె కోరిక ఒక్కటే: లైను మీదికి ఎక్కేవారు స్విచ్‌కు తమ తాళం తామే వేసుకోవాలి, తాళంచెవి తమ జేబులోనే ఉంచుకోవాలి, వేసినవారు తప్ప మరెవరూ తీయరాదు. తయారీదారులు, గుత్తేదారులు, పంపిణీ సంస్థలవారు ఎవరి గోల వారిదిగా ఉండే కార్యవర్గం మాత్రం, పనులు ఆలస్యమవుతాయంటూ ఏటేటా ఈ అంశాన్ని ప్రాధాన్యాల జాబితాలో అట్టడుగుకు నెట్టేది. టీ గదిలో ఆమెకు ‘తాళాలమ్మ’ అని పేరు పెట్టారు. ఆమె నవ్వి ఊరుకున్నారే గాని పట్టు విడవలేదు.

రానున్న ఐదేళ్ల ప్రాధాన్యాలను నిర్ణయించవలసిన ఒక వేసవి సమావేశం నాడు, భవనంలో వైరింగు మరమ్మతు జరుగుతుండగా, పనివారి దగ్గర తాళం లేదని ఆమె మెయిన్ స్విచ్‌కు తన ఇత్తడి తాళమే వేసి, ఏదో హడావుడిలో తాళంచెవితో సహా అచ్చు పనిమీద ప్రెస్సుకు వెళ్లిపోయారు. దేశానికంతటికీ కరెంటు సంగతులు చెప్పే పెద్దలు చీకట్లో కాగితాలతో విసురుకుంటూ కూర్చున్నారు.

“ఒక్క సుత్తి దెబ్బకి ఊడొస్తుంది, కొట్టించేయండి!” అన్నారు ఒక గుత్తేదారు.

“పని అయిపోయిందా?” అని అధ్యక్షులవారు ఎలక్ట్రీషియన్‌ను అడిగారు.

“నేనైతే దిగేశానండీ. మా అన్నయ్యే... మేడమీద ఉన్నాడో ఏమో.”

ఆ తరువాత ఎవరూ సుత్తి ఊసెత్తలేదు. చెమటలు కక్కుతూ, సిగ్గుతో తల దించుకుని తిరిగివచ్చిన కార్యదర్శి గారు తాళంచెవి చేతబట్టి, మెట్ల దగ్గర నిలబడి కేకేశారు: “అందరూ దిగారా?”

“ఇంకా లేదమ్మా!” అని పైనుంచి అన్నగారి గొంతు వినవచ్చింది.

ఆ చీకట్లోనే, మొదటి ప్రాధాన్యంగా, ఆ నియమం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. మతిమరుపుకు మాత్రం ఆమె పలుమార్లు క్షమాపణ చెప్పుకున్నారు.

నిన్న ఆ అన్నదమ్ములే మళ్లీ మరమ్మతుకు వచ్చారు. ఆమె అలవాటుగా తాళం వేసి, పని ముగిశాక అలవాటుగానే అడిగారు.

“అందరం దిగిపోయామమ్మా,” అన్నాడు జుట్టు నెరిసిన అన్నగారు. “మీరు కూడా ఇంక ఇంటికెళ్లండి.”

ఆమె తాళం తీసి, అరచేతిలో పెట్టుకున్నారు. “ఈ మాట మా నాన్న నోట వినాలనుంది,” అన్నారు.

ఆ కోరిక మనం తీర్చగలిగినది కాదు. ఆరోగ్యంతో, మనశ్శాంతితో, నిండునూరేళ్లూ ఆమె సాయంత్రాలు చల్లగా సాగాలనీ, దిగి ఇల్లు చేరే ప్రతి లైన్‌మన్ సైకిలు బెల్లూ ఆమె వీధిలో మోగుతూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.