మల్లేశు కారుకి గొంతు పెట్టిచ్చిన కత

మల్లేశు కొత్త కారు తెచ్చాడంట. తెల్లటి కారు, పెట్రోలుది. మిరపకాయల యాపారం చేసేవోడు లే, కళ్లాల కాడికి పోయి కాయ చూసి బేరం చేసేవోడు, కష్టపడే కొన్నాడు, కాదనను. నిమ్మకాయలు తొక్కిచ్చి, దండేసి, ఊళ్లోకి తెచ్చాడు. తెస్తే ఏమైందంటే, ఆ కారు చప్పుడు చెయ్యదు. కొత్త కార్లు అంతే గదా, పిల్లి నడిచినట్టు వస్తయ్. ఈదిలో అరుగుల మీద జనం కూచునే ఉన్నారు, ఒక్కడన్నా తల తిప్పలా. గేదె దారికడ్డంగా నిలబడింది, అది కూడా కదల్లా. ఈడు దిగి గేదెని తోలుకుంటుంటే గాలెయ్య తాత అరుగు మీంచి చూసి, ఏరా మల్లేశూ, కారు కొన్నావంటగా, యాడిది, ఆగిపోతే తోసుకుంటా వస్తన్నావా అన్నాడంట. నవ్వమాకండి. అప్పుడు కూడా అందరూ ఇట్టాగే నవ్వారు, ఆ నవ్వే ఆడి కొంప తీసింది. ఆడి చిన్నాయన కొడుకు మోటారు సైకిలు మీద డబడబలాడిచ్చుకుంటా వస్తే పిల్లాజెల్లా బయటికొచ్చి చూస్తారు. ఇన్నేళ్లు ఎండలో తిరిగి కారు కొంటే గేదె కూడా చూడలేదే అని మల్లేశుకి అన్నం సయించలా.

పేట టౌను బైపాసులో వాసు అని ఒకడు కొట్టు పెట్టుకుని కార్లకి సోకులు చేస్తాడంట. ఆడి దగ్గరికి పోయాడు. వాసు కారుని పైకి లేపి, కింద దూరి చూసి, బావా, దీని గొంతు నొక్కి పంపారు కంపెనీ వోళ్లు అన్నాడు. మధ్యలో పొగని వడగట్టే డబ్బా ఉంటది, అది తీసేసి, ఎనక లావుపాటి గొట్టం పెడితే పులి గాండ్రిచ్చినట్టు ఉంటది, లాగుడు కూడా పెరుగుద్ది అన్నాడు. మల్లేశు ఒక్క మాట అడిగాడంట, ఏం కాదు గదా అని. ఏమైద్ది బావా, ఎన్ని చెయ్యలా మనం అన్నాడు. ఇంకేం, కోసేశాడు. కొత్త గొట్టం తెచ్చి అతుకేశాడు. అతుకు ఎట్టా ఏశాడో, ఎంత తొందరలో ఏశాడో, ఆ పైవోడికే తెలియాల. తాళం తిప్పంగానే గుండెలదిరే చప్పుడు. మల్లేశు మొకం చూడాల! అయితే ఎదరగా ముళ్లు తిరిగే కాడ పసుప్పచ్చ లైటొకటి ఎలిగింది, ఇంజను బొమ్మ ఉంటది దాని మీద. ఇదేందిరా అంటే, కొత్త గొంతు గదా బావా, బండికి అలవాటు కావొద్దా, అదే ఆరిపోద్ది అన్నాడంట వాసు.

ఊళ్లోకొచ్చాడు. ఈసారి గేదెలు గుంజలు పీక్కున్నయ్. ఉయ్యాల్లో పిల్లలు లేచి ఏడిచారు. గాలెయ్య తాత లేచి నిలబడ్డాడు. మల్లేశు ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడనుకో. పెళ్లాం రాజ్యం మాత్రం కార్లో కూచుని ముక్కు మూసుకుంది. ఏందయ్యా, కార్లో పొగ వాసనొస్తంది, ఆ లైటేంది అట్టా ఎలుగుతా ఉంది అంటే, కొత్త కారు వాసన, నీకేం తెలుసు, నువ్వెక్కిందే ఇయ్యాల అన్నాడు. ఆ లైటు ఆరలా. ఆరకపోగా పక్కన ఇంకోటి ఎలిగింది. అప్పుడు కొంచెం భయమేసి కంపెనీ షెడ్డుకి తీసుకెళ్లాడు. ఆళ్లు మిషను పెట్టి చూసి, కింద వొంగి చూసి, బాబూ, గొట్టం కోసేశారు, అతుకులు సరిగ్గా లేవు, పాత సామాను తెచ్చుకో, మళ్లీ బిగిస్తాం, అందాకా మా పూచీ లేదు అన్నారు. తిరిగి వాసు దగ్గరికొచ్చి పాతది ఇవ్వరా అంటే, అదింకా యాడిది బావా, పాత ఇనప సామాన్లోడు పట్టుకుపోయాడు అన్నాడంట. ఆ కంపెనీ వోళ్లు అట్టాగే భయపెడతారులే అని, చిన్న మిషనేదో గుచ్చి లైట్లు ఆర్పాడు. తెల్లారి మళ్లీ ఎలిగినయ్. మళ్లీ పోతే ఏం చేశాడో తెలుసా? నల్ల స్టిక్కరు ముక్క కత్తిరిచ్చి ఆ లైట్ల మీద అంటిచ్చాడు. ఇప్పుడు కనపడతన్నయ్యా బావా అన్నాడు. కనపట్టల్లా. ఇద్దరూ నవ్వుకున్నారంట.

ఇక్కడ పున్నమ్మ సంగతి చెప్పాల. మల్లేశుకి అక్క. తల్లి ఈడి పురిట్లోనే పోతే, సంకనేసుకుని పెంచింది ఆమే. నేను పోతే ఈడికి ముద్ద పెట్టేదెవరని చానాళ్లు పెళ్లికి కూడా ఒప్పుకోలా. లేటుగా చేసుకుంది, పిల్లల్లేరు, మొగుడు పోయాడు, మళ్లీ తమ్ముడి పక్కింట్లోకే వచ్చి ఉంటంది. ఆమెకి కంట్లో పొర వచ్చింది. పేటలో ఆపరేషనన్నారు. మల్లేశు, అక్కా, నువ్వు బస్సెందుకు ఎక్కుతావ్, నా కార్లో రాణీలాగా తీసుకెళ్తా అన్నాడు. ఆమె ఎంత మురిసిందో! ఈదంతా చెప్పుకుంది. పెట్లో చీర తీసి కట్టుకుంది.

ఆ రోజు పొద్దుటి నించీ వాన. అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ ఏసి, అక్కని ఎనక సీట్లో కూచోబెట్టి బయల్దేరాడు. సగం దారిలో వాగు రోడ్డు మీదకొచ్చేసింది. అటు బళ్లు అటు, ఇటు బళ్లు ఇటు ఆగిపోయినయ్. అక్కడో టీ బంకు, పది మంది నిలబడున్నారు. మల్లేశు, అక్కా, ఉక్కపోస్తది, ఏసీ ఆపను, నువ్వు కూచో, నీళ్లు తీసిందాకా టీ తాగొస్తా అని దిగాడు. బండి ఆడతానే ఉంది, భడభడభడా అని. బంకు కాడ కుర్రోళ్లు, అన్నా, కారు మీదేనా, ఏం సౌండన్నా, ఒకసారి లేపన్నా అన్నారు. అంటే ఊరుకుంటాడా? తలుపు తీసి, కాలు లోపల పెట్టి తొక్కాడు. ఆళ్లు కేకలు. మళ్లీ తొక్కాడు. అప్పుడు పున్నమ్మ ఎనక నించి, తమ్ముడా, తల పగిలిపోతందిరా, కడుపులో తిప్పుతంది అందంట. ఆమె అన్నది ఆ చప్పుడుకి సగమే వినపడింది ఈడికి. కారు అలవాటు లేక అక్కా, పడుకో కాసేపు, సర్దుకుంటది అన్నాడు. ఆమె పడుకుంది. వానజల్లు అక్క మీద పడుద్దని తలుపు గట్టిగా మూశాడు. ప్రేమగానే మూశాడు. అదే అంటన్నా, ప్రేమగానే మూశాడు.

నీళ్లు తీసేసరికి చానాసేపు పట్టింది. వచ్చి, అక్క నిద్రపోతందనుకుని, తన పక్క అద్దం కొంచెం దించుకుని తోలుకుంటా పేటకి పోయాడు. ఆస్పత్రి ముందర ఆపి, అక్కా వచ్చేశాం లే అంటే ఉలుకూ పలుకూ లేదు. మొకం ఎర్రగా కందిపోయి ఉంది. ఎత్తుకుని లోపలికి ఉరికాడు. డాక్టరమ్మ చూసి, ఇంట్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులేసుకున్నారా అని అడిగింది. లేదమ్మా, కార్లో వచ్చాం. కారుకి కిందేమన్నా మార్పిచ్చావా అంది ఆమె. మల్లేశు అన్నాడంట, లేదమ్మా అని. చూశారా, అక్క అక్కడ చావుబతుకుల్లో ఉంటే నోట్లోంచి మొదట వచ్చింది అది. ఆమె ఈడి కళ్లలోకి చూసి, నిజం చెప్తే మందు సరిగ్గా పడుద్ది నాయనా అంటే, అప్పుడు చెప్పాడు. అతుకుల్లోంచి పొగ లోపలికొచ్చింది, వాసన పోయినా విషం పోదు, రక్తంలో కలిసింది అని ఆక్సిజను పెట్టారు. బతికింది. కంటి ఆపరేషను తర్వాత చూద్దామని ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఈడ్ని పక్కకి పిలిచి, ఇప్పుడు బాగానే ఉంటది, కొన్నాళ్లకి మతిమరుపో, తడబాటో రావచ్చు, ఏ మాత్రం తేడా కనపడినా వెంటనే తీసుకురా అని మరీ మరీ చెప్పింది.

ఊరికొచ్చాక రాజ్యం అడిగింది, ఏమైంది వదినా అని. పున్నమ్మ తమ్ముడి మొకం చూసింది. చూసి, ఏం లేదే అమ్మాయ్, నాకు కారు పడదు, కళ్లు తిరిగినయ్ అంది. పెంచిన చెయ్యి గదా, ఆడి తప్పు కొంగు కింద దాచింది. మల్లేశు అది అందుకున్నాడు. అవునవును, అక్కకి కారు పడదు అని ఊరంతా చెప్పుకున్నాడు. కొన్నాళ్లకి ఆమె కూరలో ఉప్పు ఏసి మళ్లీ ఏసింది. కుళాయి తిప్పి మర్చిపోయింది. ఎప్పుడో అమ్మేసిన పొలానికి క్యారేజీ కట్టుకుని బయల్దేరింది. రాజ్యం, అయ్యా, వదిన తీరు బాలేదు, చూపిద్దాం అంటే, కంట్లో పొర గదా, అందుకే అన్నాడు. ఆడికి తెలుసు. లోపల తెలుసు. ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ రాజ్యం ముందరే అడుగుద్ది, ఆ గొట్టం తీసేశావా అని. ఆ ఒక్క మాటకి జడిసి, ఇయ్యాలా రేపా అంటా జరిపాడు.

పున్నమ్మ ఒకరోజు పొయ్యి కాడ చీర కాల్చుకోబోతే రాజ్యమే పట్టుకుని, ఈడ్ని అడగను కూడా అడక్కుండా బస్సెక్కిచ్చి తీసుకుపోయింది. ఈడు ఎనకాలే పోయాడు. డాక్టరమ్మ, నేను చెప్పాను గదయ్యా, అప్పుడే ఎందుకు తీసుకురాలా అంది. అన్నీ బయటపడినయ్. రాజ్యం అరవలా, తిట్టలా. నాకు వాసనొస్తందని చెప్పాగా, నా ముక్కుని నమ్మలేదు అని, వదిన చెయ్యి పట్టుకుని కూచుంది. అంతే.

ఆ తర్వాత మల్లేశు కంపెనీ షెడ్డుకి పోయి కొత్త సామాను ఏయిచ్చాడు. లైట్లు ఆరినయ్. చుట్టాలొచ్చి, కొత్త కారు గదా, ఎవుడి కన్నో పడింది అని బూడిద గుమ్మడికాయ తెచ్చి కొట్టారంట. కారుకి! పున్నమ్మ ఆ చెక్కలు ఏరుకుంటా కూచుంది, కూరకని. ఇప్పుడామెకి మల్లేశు ఎవరో తెలవదు. నాయనా అని పిలుస్తది, మర్యాదగా, పొరుగూరోణ్ణి పిలిచినట్టు. వాసు కొట్టు ఏమైందంటావా? ఏమైద్ది, పక్క గది కూడా అద్దెకి తీసుకున్నాడు, బళ్లు వరసలో నిలబడతన్నయ్.

మందులకి ఇప్పటికీ పేటకి తిప్పుతన్నాడు అక్కని. కార్లో కాదు. మొదట కార్లోనే అనుకున్నాడు, కానీ తలుపు తియ్యంగానే ఆమె కాళ్లు బిగదన్ని, గుంజ పట్టుకుని వొదల్లా. తమ్ముణ్ణి మర్చిపోయిన మనిషి, ఆ తలుపుని మర్చిపోలా. అందుకని ఆటోలో తీసుకుపోతాడు. ఎవరన్నా, ఏం మల్లేశూ, ఇంట్లో కారు పెట్టుకుని ఆటో ఏంది అంటే, అక్కకి కారు పడదు అంటాడంట. ఇప్పుడది నిజమే గదా మరి. లేవండి, పొద్దుపోయింది, పనులు చూసుకోండి.