పడుకున్న మనిషి విన్నది

మధ్యాహ్నం మూడున్నరకు, నడవలేని అత్తగారి గదిలో గచ్చు పగిలింది. కోడలు భర్తకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. అతను నీళ్ల ఆఫీసులో గొట్టాల లీకులు పట్టే ఉద్యోగి.

“పగులు ఎంతుంది?”

“వేలు దూరేంత. అత్తయ్య పరుపు దగ్గర్నుంచి గుమ్మం దాకా. ఏమండీ, నాకు భయమేస్తోంది.”

“ఆఫీసు లారీలో దగ్గర్లోనే ఉన్నాను, వస్తున్నాను. చప్పుడేమైనా ఉందా?”

“లేదు.”

“నిలబడి వింటున్నావా?”

“మరి, కాళ్లు జాపుకుని వినమంటారా?”

“చెవి నేలకి ఆనించు. ఆనించావా?”

“ఉండండి... అమ్మో!”

“సుయ్యిమంటోందా?”

“కాదు. ఎత్తునుంచి బావిలోకి నీళ్లు పోస్తున్నట్టుంది. నిలబడితే ఏమీ లేదే, ఇదేంటండీ?”

“సుయ్యిమంటే గొట్టానికి చిల్లు, అంతే. పోస్తున్నట్టుందంటే... కింద మట్టి లేదు. కొట్టుకుపోయింది. అమ్మేది?”

“పరుపు మీదే. ఎక్కడికెళ్తారు?”

“బయటికి తియ్యి. ముందు బయటికి తియ్యి.”

“అత్తయ్య ఎన్నాళ్లనుంచి మొత్తుకుంటున్నారు, పరుపు కింద ఏరు పారుతోందని! మీరేమన్నారు? ముసలి చెవుల్లో హోరన్నారు.”

“వంటింట్లో కుళాయికి లీకులు వినే కడ్డీ ఆనించి విన్నానుగా! మేం గొట్టం మీదే వింటాం. గొట్టమే లేని గదిలో ఎవడు వింటాడు?”

“నేను విన్నాన్రా.”

“అమ్మా, నువ్వుండు. ఏమే, దుప్పటితో సహా లాగు. మధ్యలో నడవకు, గోడవారగా...”

“అమ్మాయ్, నన్నొదిలేసి నువ్వు పో.”

“నోరు మూసుకుని నా మెడ పట్టుకోండి అత్తయ్యా!”

“చూశావట్రా, ఇన్నేళ్లకి అనేసింది.”

“అమ్మా! ... ఏమే, ఎక్కడిదాకా వచ్చారు?”

“గుమ్మం... గుమ్మం దగ్గర. దుప్పటి చిక్కుకుంది. రాదేం, రాదేం...”

“దుప్పటి వదిలెయ్. చంకల కింద చేతులేసి లాగు.”

“వచ్చింది. వచ్చింది. హాల్లో ఉన్నాం. మెట్లు... అయ్యో!”

“ఏమైంది? ఏమైందే?”

“లోపల ఏదో కూలింది. ఏమండీ... పరుపు లేదు. పరుపున్న చోట గొయ్యి.”

“వెనక్కి చూడకు. ఇంటికి దూరంగా వీధిలోకి పోండి.”

“పోతున్నాం... వచ్చేశాం. వీధి మధ్యలో ఉన్నాం. అత్తయ్యని కిందే పడుకోబెట్టాను, కూర్చోలేకపోతున్నారు.”

“హమ్మయ్య. మలుపు తిరుగుతున్నాను. అదిగో, కనపడుతున్నారు. అక్కడ చప్పుడేం లేదుగా?”

“లేదు. నాకేం వినపడట్లేదు.”

“అమ్మాయ్, నువ్వు నిలబడి ఉన్నావు. ఒరేయ్, లారీ ఆపు. ఇక్కడా పారుతోంది.”