కలిపిన మెరుపు

గ్రాన్ సాసో కొండ అడుగున, విశ్వంలో కంటికి కనబడని కృష్ణపదార్థాన్ని వెతికే ఇద్దరు, పరిశోధనశాల క్యాంటీన్‌లో కాఫీ ముందు నిలబడి ఉన్నారు. అక్కడి ద్రవపు తొట్టిలో ఆ పదార్థపు కణం తగిలితే చిన్న మెరుపు పుట్టాలి; ఆమె ఆ మెరుపులను గాలిస్తుంది. గాలించేవారు భ్రమపడకుండా, అతను వాటిలో దొంగ మెరుపులను రహస్యంగా కలుపుతాడు.

“ఆ మెరుపు సంగతి ఒరెస్తే గారికి చెప్పేశావా?”

“ఆస్పత్రికెళ్ళి మరీ చెప్పాను. ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన లెక్కగట్టిన కణం ఇచ్చే మెరుపే కదా! డాక్టర్లు ఈ వారం గడవదంటున్నారు.”

“పిచ్చిదానా! శుక్రవారం దొంగ మెరుపుల జాబితా విప్పేదాకా ఆగలేకపోయావా?”

“ఏం, అది నువ్వు కలిపిందా?”

“ఇప్పుడు చెప్పకూడదు.”

“నీ మొహమే చెప్పేస్తోందిలే.”

“ఆయన నమ్మేశారా?”

“దొంగవి కలపాలన్న నియమం పెట్టిందే ఆయన. ‘కలిపిందేమో?’ అని ముందు ఆయనే అడిగారు. తెలీదన్నాను. నిజంగానే అప్పుడు తెలీదు.”

“ఏమన్నారు?”

“నవ్వారు. ‘అయితే శుక్రవారం దాకా నాకది నిజమే. నువ్వు రోజూ రా, ఆ రోజు మాత్రం రాకమ్మా’ అన్నారు.”

“ఇవాళ మంగళవారమేగా. సాయంత్రం వెళ్ళు.”

“ఎలా వెళ్ళను? నాకిప్పుడు తెలిసిపోయిందిగా.”